పటాలములో పెరిగిన బంతి

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు బాటకు ఇరుప్రక్కల నల్లరేగడి చేలు పరచుకొని యుండును. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూనది, నడుమ ఈ నేల. వేసవిలో ఇది చేయి దూరునంత వెడల్పున బీటలు వారును. వాన కురిసినదా, కాలు పెట్టినవాని చెప్పు బురదలోనే ఉండిపోవును. ఇందు జొన్న పండును, ప్రత్తి పండును, శనగ పండును. తోలుబంతి మాత్రము దొరలదు. ఫుట్‌బాలు ఆటకు పచ్చికయో, గట్టిపడిన ఎఱ్ఱనేలయో కావలెను. ఇట్లని ఈ సీమ జనులకు ఆటలయందు ఆసక్తి లేదని గాని, దేహబలము చాలదని గాని ఎవరును అనజాలరు. తిరునాళ్లలో ఎద్దులచేత బండ లాగించు పోటీ జరుగునప్పుడు ఆ బండ చుట్టును మూగిన జనమును చూచినవారికి ఆ మాట నోట రాదు.

అయినను ఒక సందేహము మమ్ము చాల కాలముగ వెంటాడుచున్నది. 1956లో మెల్బోర్నుకును, 1960లో రోమునకును వెళ్లిన భారత ఫుట్‌బాలు జట్లలో తెలుగునేలపై పెరిగిన ఆటగాండ్రు పలువురు గలరు. వారందరును హైదరాబాదు, సికిందరాబాదు వీధులనుండి వచ్చినవారే. ఆ పిలుపు నంద్యాల వీధులకు ఏల రాలేదు? నేలను నిందించి ఊరకుండుట సులభము. కాని కర్నూలు ఎఱ్ఱనేలలకు గూడ ఆ పిలుపు రాలేదు గదా! ఆటగాని కాలిక్రింద నేల యెట్టిదని అడుగుటకంటె, వాని కంచములో అన్నము పెట్టినవారెవరని అడిగినచో సమాధానము త్వరగా దొరకునని మా అభిప్రాయము. ఆ సమాధానమును ఒక సిపాయి బ్రతుకులో చూపవచ్చును. ఆ సిపాయి పేరు పీటరు తంగరాజు. ఆయనను గూర్చి చెప్పుటకు ముందు నంద్యాల సీమలోని పూర్వపు సిపాయిలను ఒకమారు తలచుకొనవలసి యున్నది.

ఈ ప్రాంతమునకు సైనికవృత్తి క్రొత్తది గాదు. విజయనగర రాజ్యము పోయిన పిమ్మట పాళెగాండ్రు ఊళ్లను ఏలిన దినములలో ప్రతి పాళెగానికిని కట్టుబడి బంట్లుండెడివారు. వారికి నెలజీతము లేదు. మాన్యపు భూమియే వారి జీతము, బత్తెము. ఊరు కాచుట, పిలిచినపుడు ఆయుధము పట్టి వచ్చుట వారి పని. 1800లో నైజాము ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీవారికి దత్తము చేసెను. అందుచేతనే వీనికి దత్తమండలము లను పేరు కలిగెను. తామస్ మన్రో దొర పాళెగాండ్ర కోటలను పడగొట్టించి, కొందఱికి భరణము లేర్పరచెను. తరువాతి తరమువారి కాలమున కట్టుబడి మాన్యములు ఒక్కొక్కటిగ కంపెనీ వశమగుచు వచ్చెను. ఆళ్లగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన భరణము నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆయన వెంట కోవెలకుంట్ల ఖజానామీదికి నడచినవారిలో మాన్యములు పోయిన కట్టుబడి బంట్లు చాలమంది గలరు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి.

ఆ కథను శ్రోతలు పాటలుగ వినియే యుందురు. మాకు దానితో నిచట ఉన్న పని కొలదియే. ఆ పిమ్మట ఈ సీమలో ఆయుధము పట్టు వృత్తి అడుగంటెను. దాని స్థానమున పెద్ద దండు ఏదియు నంద్యాలలో గాని ఆళ్లగడ్డలో గాని దిగలేదు. రైలు వచ్చెను, గుంతకల్లు నుండి గుంటూరునకు పోవు దారిలో నంద్యాల పెద్ద స్టేషనయ్యెను. కుందూ నీరు, కాలువ నీరు వచ్చెను. మిషను బడులు వచ్చెను. పటాలము మాత్రము రాలేదు. పటాలము రానిచోట దానితో వచ్చు బంతియు రాలేదు.

దండు దిగినచోట ఏమి జరిగెనో సికిందరాబాదు చూపును. 1798 నాటి ఒడంబడికను బట్టి కంపెనీ సేన హైదరాబాదు చెంత మకాము వేసెను. 1806లో సికందర్ జా నైజాము పేర ఆ మకామునకు సికిందరాబాదని పేరు వచ్చెను. జనము మాత్రము దానిని లష్కరనియే పిలిచిరి. నేటికిని పాతవారు లష్కరనియే యందురు. తిరుమలగిరి, బొల్లారము, అమ్ముగూడ మొదలగునవి క్రమముగ దండు పేటలైనవి. అధికారుల ఆట పోలో. 1896లో హైదరాబాదులో జరిగిన గోల్కొండ కప్పు పోలో పందెమును గెలిచిన 4వ హుస్సారుల జట్టులో విన్‌స్టన్ చర్చిలను యువకుడొకడు గుఱ్ఱమెక్కి ఆడెను. ఆ చర్చిలే తరువాత ఇంగ్లండు ప్రధానమంత్రి. పోలో ఆటకు గుఱ్ఱము కావలెను, గుఱ్ఱమునకు గడ్డి కావలెను, గడ్డికి డబ్బు కావలెను. సామాన్య సోల్జరునకు అవి లేవు. వానికి ఒక బంతి చాలును. ఇరువది ఇద్దఱికి ఒక్క బంతితో సాయంకాలము గడచునట్టి ఆట వేఱొకటి లేదు. ఆ సోల్జర్లు ఆడుచుండగా అంచున నిలిచి చూచినవారు దండులోని వంటవాండ్ర పిల్లలు, చాకలివారి పిల్లలు, బండ్లు తోలువారి పిల్లలు. బంతి గీత దాటి వచ్చినపుడు దానిని తిరిగి తన్ని పంపుటయే వారికి తొలి పాఠము.

దేశములోని పెద్ద పందెములలో మొదటిదియు ఇట్లే పటాలముల కొఱకు పుట్టెను. 1888లో సిమ్లా కొండలలో మార్టిమర్ డ్యూరాండు దొర తన పేర ఒక కప్పు నెలకొల్పెను. ఏబది సంవత్సరములకు పైగా దానిని తెల్లసోల్జర్ల పటాలములే పంచుకొనెను. 1940లో పందెము ఢిల్లీకి దిగివచ్చెను. ఆ యేటనే కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగు జట్టు రాయల్ వారిక్‌షైర్ పటాలమును 2–1 గోలులతో ఓడించి కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1950లో పందెము మరల మొదలైనపుడు కప్పును పట్టుకొనిపోయినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. తెలుగునేలకు ఆ కప్పు వచ్చుట అదియే ప్రథమము. గమనింపుడు: తెల్ల పటాలము పోయి పోలీసు వచ్చెను. ఆటగాని ఒంటిమీది ఖాకీ మాత్రము పోలేదు.

1953 నాటి డ్యూరాండు ఫైనలు ఒక విచిత్రము. ఒకవైపు మోహన్ బగాన్, అనగా కలకత్తా మహాసంస్థ. వేఱొకవైపు నేషనల్ డిఫెన్సు అకాడమీ కుఱ్ఱవాండ్రు. ఇంకను మీసము సరిగ మొలవని కాడెట్లు. ఆ అకాడమీ అప్పటికి డెహ్రాడూనులో నుండెను. పూనా దగ్గఱ ఖడక్‌వాస్లాలో దాని క్రొత్త భవనములకు నెహ్రూ గారు 1949లో శంకుస్థాపన చేసిరి. 1955 జనవరిలో అది అచ్చట అధికారికముగ ప్రారంభమయ్యెను. భూసేన, నౌకాసేన, వైమానిక సేన మూటికిని కాబోవు అధికారులు ఒకే చోట చదువుకొను కళాశాల అది. అట్టి పిల్లలు దేశములోని పేరుమోసిన జట్ల నడుమ ఫైనలు వఱకు వచ్చిరి. ఫైనలులో మోహన్ బగాన్ వారిని 4–0 గోలులతో ఓడించెను. ఓటమి పెద్దదే. కాని ఒక కళాశాల జట్టు అంత దూరము వచ్చినదని విన్నపుడు, దాని వెనుకనున్న దినచర్యను మనము ఊహింపవలెను. తెల్లవారకమునుపే కసరత్తు, పిమ్మట కవాతు, పిమ్మట చదువు, మధ్యాహ్నము తిరిగినంతనే ఆట. అచ్చట ఆట చదువునకు అడ్డు గాదు, చదువులో భాగము. మన కళాశాలలలో సాయంకాలము బంతి పట్టుకొన్నవానిని తండ్రి మందలించునట్టి కాలమది.

అయితే అకాడమీ జట్టునకు ఒక చిక్కున్నది. ఆటగాడు పదునెక్కు వేళకు వాని చదువు ముగియును. ఒకడు రాజస్థానపు ఎడారికి, ఒకడు ఓడమీదికి, ఒకడు విమానాశ్రయమునకు పోవును. పదునొకండుగురును మరల ఒక గీతలోపల నిలిచి ఆడుట కలలోని మాట. కాడెటు జీవితములో ఆట ఒక ఋతువు. అధికారి యైన పిదప వానికి వేఱు బాధ్యతలు. ఆటను బ్రతుకంతయు మోయగలిగినవాడు అధికారి కాబోవు కాడెటు కంటె సామాన్యపు సిపాయియే. సిపాయికిని ఒక అకాడమీ గలదు. దానిని రెజిమెంటల్ సెంటరందురు. క్రొత్తగ చేరినవానికి తుపాకి పట్టుట, అడుగు వేయుట నేర్పు శిక్షణస్థలమది. మద్రాసు రెజిమెంటువారి సెంటరు నీలగిరులలో కూనూరు చెంత వెల్లింగ్టనులో నున్నది. ఆ పటాలము మూలము 1758 వఱకు పోవును. దక్షిణదేశపు నాలుగు భాషలవారును అందులో చేరుదురు. మన తంగరాజు ఫుట్‌బాలు విద్యను ముగించినది అచ్చటనే.

పీటరు తంగరాజు 1935 డిసెంబరు 24వ తేదీన హైదరాబాదు రాజ్యములో జన్మించెను. పేరు తమిళపు పేరు. లష్కరులో అది వింత గాదు. మద్రాసు పటాలముల వెంట వచ్చి తరతరములుగ అచ్చట స్థిరపడిన తమిళ కుటుంబములు ఎన్నియో గలవు. ఇంట ఒక భాష, వీధిలో తెలుగు, బజారులో ఉర్దూ, మైదానములో దండు ఇంగ్లీషు. 1953లో సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆయన ఆట మొదలయ్యెను. పిమ్మట సైన్యములో చేరి మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టులోనికి వచ్చెను. మొదట ముందువరుసలో గోలు కొట్టువాడుగా ఆడి, పిదప గోలు కాచువాడయ్యెనని చెప్పుదురు. ఆరడుగులకు మించిన మనిషి. చేతులు చాచినచో కమ్మీల నడుమ ఖాళీ తక్కువగనే కనిపించును. గోలు ముంగిటి నుండి ఆయన తన్నిన బంతి మైదానపు నడిగీత దాటి పోవుట నాటి ప్రేక్షకులకు పెద్ద వేడుక.

1955లో మద్రాసు రెజిమెంటల్ సెంటరు డ్యూరాండు కప్పు గెలిచెను. ఫైనలులో ఎదిరి భారత వైమానిక దళము, గోలులు 3–2. 1958లో మరల గెలిచెను. ఆమారు ఎదిరి గూర్ఖా బ్రిగేడు. రెండుమార్లును ఇరువైపుల ఆడినవారు సైనికులే. దేశపు పెద్ద కప్పు ఫైనలులో పౌరుడొక్కడును లేకపోవుటను నాడు ఎవరును వింతగ చూడలేదు. 1955లో ఆ కప్పు గెలిచిన వేళ భూసేనాధిపతి జనరల్ శ్రీనాగేశు గారు. వెల్లింగ్టనులోని ఆ పటాలపు నివాసములకు ఇప్పటికిని ఆయన పేరే యున్నది. 1962లో ఆయనయే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చుట ఇచ్చట ప్రక్కమాటగ చెప్పదగినది. 1960–61లో సర్వీసెస్ జట్టు తంగరాజు నాయకత్వమున తొలిసారిగ సంతోష్ ట్రోఫీ గెలిచెను. రాష్ట్రముల జట్లన్నిటిని దాటి, ఏ రాష్ట్రమునకును చెందని సైనికుల జట్టు జాతీయ విజేత యయ్యెను.

సైన్యము ఆటగానికి ఏమి ఇచ్చెను? గొప్ప శిక్షకుని ఇచ్చెనని మేము చెప్పము. నెల తిరుగునప్పటికి జీతము, మూడుపూటల తిండి, చదును చేసిన మైదానము, ఆడుటకు అనుమతి, పందెమునకు పోవుటకు రైలు వారెంటు, ఇవి యిచ్చెను. ఇవి చిన్నవిగ తోచవచ్చును. కాలికి తొడుగు మాటయే చూడుడు. 1948లో లండను ఒలింపిక్సులో మనవారు పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 2–1తో ఓడిరి. ఆ ఓటమిని లోకము మెచ్చుకొనెను. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా మనపై 10–1 గోలులతో గెలిచినపుడు మెచ్చుకొనుటకు ఎవరికిని నోరు రాలేదు. ఆ పిమ్మటనే బూట్లు తప్పనిసరి యైనవి. పేదయింటి పిల్లవానికి ఫుట్‌బాలు బూట్లు కొనుట ఒక నెల బియ్యము మానుట. పటాలము కాని, పోలీసు కాని వాని కాళ్లకు అవి తొడిగెను.

పోలీసు జట్టు మాట వచ్చినది గనుక సయ్యద్ అబ్దుల్ రహీం గారిని తలచకుండ ముందుకు పోరాదు. 1909లో హైదరాబాదులో జన్మించిన ఈయన వృత్తిచేత బడిపంతులు. 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చి, వరుసగ ఐదేండ్లు, 1950 నుండి 1954 వఱకు, బొంబాయి రోవర్స్ కప్పును గెలిపించిరి. ఎడమకాలు వాటము లేని పిల్లలకు ఎడమకాలితోనే ఆడవలెనను నియమముతో పందెములు నడిపించుట ఆయన నేర్పు. 1956 ఒలింపిక్సు జట్టు కాని, 1960 జట్టు కాని ఆయన చేతిలో పెరిగినవే. ఒక్క విషయము గమనింపదగినది: ఆ బడిపంతులు తన విద్యను నిలుపుటకు పోలీసు కొలువునే ఆశ్రయింపవలసి వచ్చెను. ఆయన ఎంపిక చేసిన కుఱ్ఱవానికి పోలీసులో ఉద్యోగము దొరకును, ఇల్లు గడచును, ఆట సాగును. ఆ ఉద్యోగములు లేనిచో రహీం గారి పాఠములు వినుటకు మైదానములో పిల్లలు మిగులుదురా యని మాకు సందేహమే.

దీనికి తులసీదాస్ బలరాం కథయే దృష్టాంతము. 1936లో అమ్ముగూడలో తమిళ కుటుంబమున జన్మించిన ఈయన దండు పేటలో పెరిగిన పేదవాడు. రహీం గారు ఈ పిల్లవాని ఆట చూచి హైదరాబాదునకు అభ్యాసమునకు రమ్మనిరి. అమ్ముగూడనుండి రోజును వచ్చిపోవుటకు డబ్బు లేదని ఆ పిల్లవాడు చెప్పెను. రహీం గారు తమ చేతి డబ్బిచ్చి అద్దె సైకిలు ఏర్పాటు చేసిరి. ఆ సైకిలుమీద వచ్చిన పిల్లవాడు 1956లో మెల్బోర్నులోను, 1960లో రోములోను దేశము పక్షమున ఆడెను. రోములో హంగేరీపై ఒక గోలు, పెరూపై ఒక గోలు కొట్టెను. అద్దె సైకిలు ఖరీదు కట్టలేక ఇంటనే నిలిచిపోయిన బలరాములు ఇంకెందఱుండిరో! ఆళ్లగడ్డలో, నంద్యాలలో అట్టి సైకిలు ఇచ్చువాడును లేడు, ఆ సైకిలు పోయి చేరవలసిన మైదానమును లేదు.

తంగరాజు 1955లో భారత జట్టులో చేరెను. మెల్బోర్నునకు వెళ్లిన జట్టులో ఆయన గలడు. హంగేరీ విరమించుకొనుటచే మనకు తొలి ఆట తప్పెను. డిసెంబరు 1వ తేదీన ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించితిమి. నెవిల్ డిసూజా ఒక్కడే మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్సు ఫుట్‌బాలు సెమీఫైనలునకు ఆసియా ఖండము నుండి చేరిన తొలి జట్టు మనదే. యుగోస్లావియా చేతిలో 4–1తోను, కంచు పతకపు ఆటలో బల్గేరియా చేతిలో 3–0తోను ఓడి నాలుగవ స్థానమున నిలిచితిమి. నంద్యాలవారు గాని ఆళ్లగడ్డవారు గాని ఈ వార్తను పత్రికలలో చదివియుందురు, లేక ఊరికొకటిగ నున్న రేడియోలో వినియుందురు. కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసినది 1963లో. అప్పటికి ఆ వైభవము గడచిపోవుచుండెను.

1958లో తంగరాజు ఆసియాలోకెల్ల ఉత్తమ గోలు కీపరుగా ఎన్నికయ్యెను. కాని ఆయన పేరు చెప్పినపుడు మాకు ముందుగ గుర్తు వచ్చునది 1962 జకార్తా. ఏషియను క్రీడలకు వెళ్లిన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడెను. పిమ్మట థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును జయించెను. తంగరాజు అస్వస్థుడగుటచే గోలులో ప్రద్యోత్ బర్మన్ నిలిచి యుండెను. రెండు ప్రభుత్వముల నడుమ మనస్పర్ధల కారణమున జకార్తా ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహముతో నుండిరి. క్రీడల సమాఖ్యలోని భారతీయ ప్రముఖుడొకరు ఇజ్రాయేలునకును తైవానునకును ఆహ్వానము లేకపోవుటను తప్పుపట్టుట వారికి కోపము తెప్పించెను. లక్షమంది గేలి చేయుచున్న మైదానములో ఫైనలు ఆడవలెను. ఎదిరి మరల దక్షిణ కొరియా.

రహీం గారు సెప్టెంబరు 4వ తేదీ నాటి ఆ ఆటకు గోలులో తంగరాజును నిలిపిరి. సెమీఫైనలు గెలిపించిన గోలు కీపరును ప్రక్కన పెట్టి, పడకమీదనుండి లేచినవానిని తెచ్చి నిలుపుట సాహసమే. వెనుకవరుసలో ఆడవలసిన జర్నైల్ సింగు తలకు కుట్లు పడియుండగా, ఆయనను ముందువరుసకు పంపుట మఱొక సాహసము. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగే మఱొక గోలు కొట్టిరి. కొరియా ఒక గోలు తిరిగి చేయగలిగెను. 2–1తో బంగారు పతకము మనది. ఆ లక్ష గొంతుల నడుమ కమ్మీల క్రింద నిబ్బరముగ నిలుచుట ఎవరు నేర్పిరి? వెల్లింగ్టను కవాతు మైదానము నేర్పెనని మేము ఘంటాపథముగ చెప్పజాలము. మనుష్యుని స్వభావము గూడ కొంత యుండును. కాని ఏడెనిమిదేండ్లు ప్రతిదినము అదే గంటకు లేచి, అదే అడుగు వేసి, అదే మాటకు నిలిచినవానికి చుట్టుపట్ల కేకలు అంతగ వినబడవని పాత సిపాయిలు చెప్పుదురు.

రహీం గారు అప్పటికే కాన్సరు వ్యాధిగ్రస్తులు. 1963 జూను 11వ తేదీన కన్నుమూసిరి. ఆయన పోయిన పిదప భారతదేశమునకు ఏషియను క్రీడల ఫుట్‌బాలులో మరల బంగారము రాలేదు. బలరాంకు 1962లో అర్జున పురస్కారము వచ్చెను. శ్వాసకోశ వ్యాధిచేత 1963లోనే ఆట మానవలసి వచ్చెను. పిమ్మటి దీర్ఘజీవితమును ఆయన బెంగాలులో గడపి 2023 ఫిబ్రవరి 16వ తేదీన మరణించెను.

తంగరాజు సైన్యమును విడిచి కలకత్తా చేరెను. మహమ్మడన్ స్పోర్టింగు, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, ఈ మూడు మహాజట్ల గోలులను ఆయా యేండ్లలో కాచెను. మూడు ఏషియను క్రీడలలో, రెండు ఒలింపిక్సులలో భాగస్వామి యయ్యెను. 1967లో అర్జున పురస్కారము లభించెను. కలకత్తాలో ఆటగానికి పేరున్నది, పూలదండలున్నవి, వేలమంది జేజేలున్నవి. కాని పటాలములో వలె ముదిమి వఱకు నిలిచెడి అండ యనునది అపురూపము. ఆట ముగిసిన పిమ్మట ఆయన శిక్షకుడై పలుచోట్ల పనిచేసెను. చివరకు బొకారో ఉక్కు పట్టణము చేరెను. అనగా ఖాకీ నీడ పోయిన పిదప ఆశ్రయమిచ్చినది సర్కారు కర్మాగారపు నీడ. 2008 నవంబరు 24వ తేదీన, డెబ్బదిమూడవ యేడు నిండుటకు నెల ముందు, బొకారోలోనే మరణించెను. హైదరాబాదులో పుట్టినవాడు, నీలగిరులలో పదునెక్కినవాడు, కలకత్తాలో కీర్తి గడించినవాడు, జార్ఖండులో మట్టిలో కలిసెను. తెలుగువారు ఆయనను తమవానిగ లెక్కించుకొనుట మఱచిరి, తమిళులు హైదరాబాదువాడనిరి. సిపాయికి ఊరు లేదను సామెత వలె అయ్యెను.

తెలుగునేలపై ఆ ఆట ఏమయ్యెనని శ్రోతలు అడుగవచ్చును. 1956లోను 1957లోను హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచెను. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు డ్యూరాండు గెలిచెను. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పక్షమున సంతోష్ ట్రోఫీ వచ్చెను. అంతటితో ఆ జాబితా ముగియును. పోలీసు కొలువులో ఆటగాండ్రను చేర్చుకొనుట తగ్గెను. మైదానములు ఇండ్లయ్యెను. ఇండ్లలో క్రికెట్టు రేడియో మ్రోగెను. ఈ పాపములో మా వంతును కాదనజాలము, మేమును చెవి అటే పెట్టితిమి. తరువాతి కాలమున ఖాకీ స్థానమున వ్యాపారుల పెట్టుబడి వచ్చెను. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్‌సి అను జట్టు 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచి ఆనందపరచెను. 2025లో అది ఢిల్లీకి తరలిపోయెను. పెట్టుబడి మూట గట్టుకొని పోవుటకు ఎంత సేపు! పటాలము మాత్రము తన బంతిని విడువలేదు. 2016లో డ్యూరాండు కప్పు గెలిచినది ఆర్మీ గ్రీన్ జట్టే.

ఇక మొదట విడిచిన నంద్యాల బాటకు వత్తము. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల కర్నూలు నుండి విడివడి జిల్లా కేంద్రమయ్యెను. ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల ఆ జిల్లాలోనివే. ఇచ్చటి పిల్లవానికి నేటి దినమున పటాలపు మైదానము చేరుటకు రెండు దారులు గలవు. ఒకటి తంగరాజు దారి, అనగా సిపాయిగా చేరుట. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో ఆ కొలువు మొదట నాలుగేండ్లకే. ఆ పిమ్మట నిలుచువారు నలుగురిలో ఒకరికి మించరు. తంగరాజు పటాలము గెలిచిన రెండు డ్యూరాండు కప్పుల నడుమనే మూడేండ్లు గడచినవని ఇచ్చట జ్ఞాపకము చేయుచున్నాము.

రెండవది 1953 నాటి కాడెట్ల దారి. దానికి గుమ్మము సైనిక పాఠశాల. 1961లో రక్షణమంత్రి కృష్ణమీనన్ గారి కాలమున మొదలైన ఆ పాఠశాలలలో మన రాష్ట్రమునకు తొలుత దక్కినది విజయనగరము చెంత కోరుకొండలో, 1962 జనవరిలో. విజయనగరపు రాజావారు తమ కోరుకొండ భవనమును అందులకు ఇచ్చిరి. ఆళ్లగడ్డ బాలునకు అది రాష్ట్రపు ఆ కొస. పదేండ్ల పిల్లవానిని అంత దూరము పంపుటకు ఏ తల్లి మనసొప్పును? ఏబది రెండేండ్లు గడచిన పిమ్మట, 2014లో, రాయలసీమలోనే కలికిరిలో రెండవ సైనిక పాఠశాల తెఱచిరి. ఆఱవ తరగతిలో ప్రవేశ పరీక్ష. కొంతకాలముగ బాలికలను గూడ చేర్చుకొనుచున్నారు; ఖడక్‌వాస్లా అకాడమీయు 2022 నుండి వారికి తలుపు తెఱచెను. కలికిరిలో నేల ఎఱ్ఱనేల. సాయంకాలపు గంట కొట్టినంతనే తరగతి గదులు మూసి, పిల్లలనందఱిని మైదానమునకు తోలుదురు.